బోర్డు లేని గోడ

“చదువు రానోనికి కూడ సమజ్ అయ్యేటట్టు పుర్రె బొమ్మ వేసి పెట్టిన్రు మేడమ్. ఇంకేం కావాలె?”

ఇన్‌స్పెక్టర్ రాజమౌళి లాఠీ కొనతో గోదాం తలుపు మీది ఎర్ర బోర్డును తట్టాడు. పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు, ‘ప్రమాదం. విషవాయువు. లోపలికి రావద్దు’ అని తెలుగులో పెద్ద అక్షరాలు.

ప్రైవేట్ డిటెక్టివ్ శోభారాణి బోర్డు వంక చూడలేదు. తలుపు అంచులను చూస్తోంది. గ్యాస్ బయటికి పోకుండా అతికించిన టేపు ఒక పక్క నిలువునా చినిగి వేలాడుతోంది.

ఎనుమాముల మార్కెట్ వెనక మొక్కజొన్నలు నిల్వ చేసే ప్రైవేటు మక్కల గోదాం అది. పురుగు పట్టకుండా బస్తాల మధ్య వెల్లుల్లి వాసన కొట్టే గ్యాస్ గోలీలు పెట్టి తలుపులు మూసేశారు. అయిదో రోజు సాయంత్రం హమాలీ యాదగిరి శవం లోపల దొరికింది. పక్కన ఖాళీ మందు సీసా. తాగిన మైకంలో ఆఫీసు మేకుకున్న తాళంచెవి తీసుకుని, చల్లగా ఉంటుందని లోపలికి పోయి పడుకున్నాడని పోలీసులు తేల్చారు. గ్యాస్ కంపెనీ వాళ్లు వచ్చి తలుపులు తెరిచి, గాలి ఆడనిచ్చి, మీటరు పెట్టి చూసి ఇక భయం లేదన్న తరువాతే శోభారాణిని ఇక్కడికి రానిచ్చారు.

“ఆయన తాగడు సారూ.” అన్నది యాదగిరి భార్య భారతి. గోదాం అరుగు మీద కూర్చుని ఉందామె. “ఎన్నిసార్లు చెప్పాలె?”

ఆమె పక్కన నిలబడిన కొమురెల్లి మాట్లాడలేదు. అతను భారతికి సొంత అన్న. ఈ గోదాంలో బస్తాలు మోసే హమాలీలందరికీ మేస్త్రి. డిటెక్టివ్‌ను పెట్టుకోవాలన్న ఆలోచన భారతిది. ఒక్కతే పోలేక అన్నను తోడు తీసుకుని శోభారాణి ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు కూడా కొమురెల్లి నాలుగు మాటలకు మించి మాట్లాడలేదు. బావ పోయిన దుఃఖమనుకుంది శోభారాణి.

“తాగడని ప్రతి భార్యా అంటది.” రాజమౌళి ఫోను తీశాడు. “ఇది చూడుండ్రి. పోయిన నెల ఇక్కడ సేఫ్టీ ట్రైనింగు అయింది. మేనేజర్ తీసిన వీడియో.”

తెరమీద యాదగిరి. బక్కపలచటి మనిషి, భుజాన తువాల. ఎవరో అడిగిన ప్రశ్నకు నిటారుగా నిలబడి, బళ్లో పిల్లవాడిలా జవాబు చెబుతున్నాడు.

“బోర్డు ఉంటే తలుపు ముట్టద్దు. ఎల్లిగడ్డ వాసనొస్తే ఉన్నకాడ ఉండద్దు, బయటికి ఉరకాలె. ఒక్కడే ఉరుకుడు కాదు, పక్కోనికి చెప్పాలె.”

హమాలీలు చప్పట్లు కొట్టారు. తరువాత కొమురెల్లి రబ్బరు మాస్కు తగిలించుకుని చూపించాడు. పెద్ద తలకు పట్టీ పట్టక తిప్పలు పడుతుంటే అందరూ నవ్వారు. యాదగిరి గొంతే గట్టిగా వినిపించింది. భారతి ముఖం పక్కకు తిప్పుకుంది.

“చూసిన్రు కదా.” అన్నాడు రాజమౌళి. “ఏం చేయకూడదో మొత్తం తెలుసు. తెలిసి తెలిసి పోయిండు. దీన్ని సొంత నిర్లక్ష్యం అంటరు. గోదాం వాళ్ల తప్పేం లేదు.”

“ఇంత తెలిసినాయన ఎందుకు పోతడు?” అడిగింది శోభారాణి.

“తాగినోనికి తెలివుంటదా?”

“రక్తంల మందు ఉన్నట్టు రిపోర్టు వచ్చిందా?”

“రాలే.”

“అంటే సీసాను చూసి తాగిండని రాసుకున్నరు.”

రాజమౌళి ఫోను జేబులో పెట్టుకున్నాడు. “మీరు బీమా కంపెనీల పనిచేసినప్పుడు కూడ గిట్లనే మా పనికి వంకలు పెట్టేటోళ్లు. అప్పుడు జీతం కోసం. ఇప్పుడేమో ఫీజు కోసం. సాయంత్రం ఫైలు మూస్తాన. అప్పటిదాకా మీ ఇష్టం.”

శోభారాణి ఆ మాటకు జవాబివ్వకుండా భారతి వైపు తిరిగింది. “శవం ఫొటోల ఆయన కాళ్లకు చెప్పుల్లేవు. ఎక్కడ దొరికినయి?”

“హమాలీల రూము బయట ఉండె అక్కా. నేనే ఇంటికి తీసుకపోయిన.”

శోభారాణి రాజమౌళిని చూసింది. “ఈ ఎండల, ఈ సిమెంటు మీద, రూము కాడినుంచి గోదాం దాకా వట్టి కాళ్లతోటి నడిచిండా? మీరొకసారి బూట్లిప్పి నడవండి ఇన్‌స్పెక్టర్.”

“తాగినోడు...”

“తాగినా కాళ్లు కాలుతయి. ఫొటోల అరికాళ్లు చూడండి, మక్కపొడి లేదు, దుమ్ము లేదు. ఆయన నడిచి రాలే.”

రాజమౌళి మళ్లీ ఫోను తీసి ఆ ఫొటో వెతికాడు.

హమాలీలు మధ్యాహ్నం నడుం వాల్చే గది గోదాం వెనక గోడకు ఆనుకుని ఉంది. కొత్త ఫ్యాను, రెండు చాపలు, నీళ్ల కుండ, గోడ పక్కన ఇనుప ర్యాకు. మేనేజర్ సారంగపాణి తాళంచెవుల గుత్తి పట్టుకుని వెంట వచ్చాడు. నుదుట బొట్టు, ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన.

“ఇక్కడేముంటది మేడమ్? గరీబోళ్లు పండుకునే జాగా.”

“యాదగిరి కూడ ఇక్కడే పండుకునేటోడా?”

“ఆ రోజు వొంట్ల బాగలేదన్నడు. మిగిలినోళ్లు మిర్చి లోడుకు మార్కెట్‌కు పోయిన్రు. ఈయన ఇక్కడ ఉన్నడనే అనుకున్న. ఎప్పుడు లేచి పోయిండో నాకెట్ల తెలుస్తది?”

శోభారాణి ర్యాకును పట్టి లాగింది. బరువుగా కదిలింది. దాని వెనక గోడ మీద పళ్లెం అంత మేర కొత్త సిమెంటు పూత.

“ఇదేంది?”

“ఎలుక బొక్క. ఎన్నడో మూయించిన.”

“ఎన్నడో అంటే?”

“ఉగాదికి ముందు.”

ర్యాకు వెనక సందులో ఏదో గుడ్డ పడి ఉంది. శోభారాణి గ్లవుజు తొడుక్కుని పైకి తీసింది. నీలం గళ్ల తువాల. దాని మీద పిడచలు పిడచలుగా సిమెంటు చుక్కలు పడి గట్టిపడి ఉన్నాయి.

గుమ్మంలో నిలబడిన భారతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“అది ఆయనదే అక్కా. ఆ రోజు పొద్దుగాల నేనే భుజం మీద ఏసి పంపిన. కొత్తది. అంతకు ముందు రోజే కొన్నడు.”

శోభారాణి సారంగపాణి ముఖంలోకి చూసింది. “ఉగాదికి ముందు పూసిన సిమెంటు, మొన్న కొన్న తువాల మీద ఎట్ల పడింది?”

అతను తాళాల గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “మళ్ల... మళ్ల జర పగిలితే సదిరించిన.”

“ఎప్పుడు?”

“యాది లేదు.”

“మనిషి చచ్చినంక గోడలు సదిరించుడు యాది లేదా?”

“మేడమ్, సిమెంటు పూసుడు నేరం కాదు.” రాజమౌళి మధ్యలోకి వచ్చాడు. “బొక్క ఉన్నంత మాత్రాన గ్యాస్ ఇటు వచ్చినట్టు కాదు. రుజువు కావాలె.”

“ఇస్త.”

ఆమె బ్యాగులోంచి స్క్రూడ్రైవరు తీసి, మెయిన్ ఆపించి, స్విచ్‌బోర్డు మూత విప్పింది. లోపలి రాగి తీగలు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. స్క్రూల మీద పచ్చటి చిలుము.

“గోలీల నుంచి వచ్చే గ్యాస్ పేరు ఫాస్ఫిన్. అది రాగిని తింటది. ఇప్పుడు వాచ్‌మన్ రూముకు పోదాం రండి.”

వాచ్‌మన్ గది ఆవరణకు అవతలి కొసన ఉంది. అక్కడి స్విచ్‌బోర్డు కూడా విప్పింది. తీగలు ఎర్రగా, అప్పుడే తోమిన చెంబులా మెరుస్తున్నాయి.

“ఇవి కొత్తవి, అవి పాతవి కావచ్చు.” అన్నాడు రాజమౌళి. కానీ గొంతులో ఇందాకటి బింకం లేదు.

గది బయట ఊడుస్తున్న ముసలామె చీపురు ఆపింది. పేరు బక్కమ్మ. గోదాం కట్టిన నాటినుంచి ఇక్కడే స్వీపరు. “రెండింట్ల ఫ్యాన్లు ఉగాదికే పెట్టిన్రు సారూ. ఒకటే వైరు చుట్ట తెచ్చి రెండింటికీ గుంజిన్రు.”

రాజమౌళి లాఠీని చంకలో పెట్టుకుని, ఆ ఎర్రటి తీగలను చాలాసేపు చూశాడు. తరువాత మేనేజర్ను చూశాడు. గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

శోభారాణి బక్కమ్మ దగ్గరికి వెళ్లింది. “అవ్వా, గోలీలు పెట్టినంక హమాలీలకు ఏమన్న అయిందా?”

“అందరికీ తలనొప్పే బిడ్డా. ఇద్దరికి వాంతులు. మేనేజరు సారు ఎండ దెబ్బ అన్నడు. మజ్జిగ పోయించిండు.”

“వాసనేమన్న వచ్చిందా?”

“ఎల్లిగడ్డ వాసన. ఎవల సద్దిలనో ఎల్లిగడ్డ కారం ఉందనుకున్నం. బోర్డు ఉన్నది గోదాం తలుపుకు కదా, రూముకు కాదు. ఇక్కడ మాకు భయమేందని.”

“అందరికీ తలనొప్పి వచ్చిందా? ఒక్కరు కూడ మంచిగ లేరా?”

బక్కమ్మ ఆలోచించింది. ఆమె మాటల్లో దాపరికం లేదు, తనేం చెబుతోందో ఆమెకే తెలియదు.

“మేస్త్రికేం కాలే. ఆయన గోలీలు పెట్టిన దినం నుంచి ఆ రూముల అడుగే పెట్టలే. లారీ కింద నీడకు పండుకుంటాండు. గాలి మంచిగొస్తదని.”

భారతితో పాటు వెనకాలే వచ్చి గది బయట నిలబడిన కొమురెల్లి తల ఎత్తలేదు.

శోభారాణి అతని వైపు తిరిగింది. మొదటి రోజు తన ఆఫీసులో చెల్లెలు ఏడుస్తుంటే ఆమె వీపు నిమిరిన అతని చెయ్యి గుర్తొచ్చింది. అతను చెప్పిన ఆ నాలుగు మాటలూ ముఠాలోని మిగతా హమాలీల గురించే, తన గురించి కాదు. ఈ మనిషిని ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సాక్షి అనుకోలేదు, అనుమానితుడు అనుకోలేదు. అతను చచ్చినవాడి బావమరిది, అంతే.

“కొమురెల్లీ.” అంది నెమ్మదిగా. “ఆ వారం లారీ కింద ఎందుకు పండుకున్నవు?”

“ఉక్కపోస్తే...”

“రూముల ఫ్యానుంది. లారీ కింద ఉంటదా?”

అతను అరచేత్తో మెడ తుడుచుకున్నాడు.

“గ్యాస్ కంపెనీ వాళ్లతోటి మాట్లాడిన. గోలీలు పెట్టే ముందు గోడలన్ని చూస్తరట. బొక్క కనిపిస్తే గోదాం వాళ్లకు చెప్పుడు వాళ్ల డ్యూటీ. చెప్పినమంటున్నరు. ఎవలికి చెప్పిన్రు?”

సారంగపాణి గొంతు సవరించుకున్నాడు. ఒక్క క్షణం కొమురెల్లిని చూసి చూపు తిప్పేసుకున్నాడు.

“మేస్త్రికి చెప్పిన్రు మేడమ్. హమాలీలకు చెప్పుకునుడు మేస్త్రి పని. గ్యాస్ పోయేదాంక ఆ రూముల ఎవలూ ఉండద్దని ఆయనకు చెప్పిన్రట. ఆయన చెప్పకపోతే నేనేం చెయ్యాలె? నాకైతే అసలు తెల్వనే తెల్వదు.”

కొమురెల్లి తల అప్పుడు లేచింది. క్వింటాలు బస్తాలు మోసి మోసి వంగిన ఆ మెడ నిటారుగా అయింది.

“తెల్వదా సార్?”

“ఏయ్, నువ్వు...”

“నీ ముంగటనే చెప్పిండు కదా ఆయన! గోడకు ఏలు పెట్టి చూపించిండు. నేను మా వాళ్లకు చెప్త అంటే నువ్వేమన్నవు? ‘ఎండకాలం ఆ రూము బందు పెడితే వాళ్లు పనికి రారు, సీజను ఆగుతది, రేపు మూయిస్త, నోరు తెరవకు’ అన్నవా లేదా? రేపు రేపని అయిదు దినాలు గడిపినవు. ఇప్పుడు తెల్వదంటవా?”

దూరంగా మార్కెట్లో లారీ హారన్ మోగింది.

గోడ నీడకు కూర్చున్న భారతి మెల్లగా లేచి నిలబడింది. “అన్నా, నీకు ఎరుకేనా?”

కొమురెల్లి ఆమె వైపు చూడలేకపోయాడు.

“నీకు ఎరుకుండి నువ్వు బయట పండుకున్నవా? ఆయనకు చెప్పలేదా?”

“రేపు మూయిస్తనన్నడు చెల్లె. ఒక్క దినమే కదా అనుకున్న. బావకు చెప్తే బావ ఊకోడు, అందరికీ చెప్తడు. చెప్పాలెనని నేర్చుకున్నడు కదా. పని ఆగితే ముఠాల అందరూ నన్నే తిడుతరు, సారు ఇంకో ముఠాను పెట్టుకుంటడు...”

“పొద్దుగాల మీరిద్దరూ ఒక్క బండి మీదనే వచ్చిన్రు.” అంది భారతి. “మా ఇంట్లనే చాయ తాగినవు. నా చేతులకెల్లి తీసుకున్నవు. అప్పుడన్న చెప్పకపోతివి.”

శోభారాణికి ఇక అడగడం ఇష్టం లేకపోయింది. కానీ అడగాలి. “గోదాంలకు ఎట్ల పోయిండు కొమురెల్లీ?”

“నేనే మోసిన.”

రాజమౌళి చప్పున తల తిప్పాడు.

“లోడు అయినంక బావను లేపుదామని వచ్చిన. నోటినుంచి నురగ. పిలిస్తే పలుకలే. ఉరికి సారును పిలుచుకొచ్చిన. దవాఖానకు పోదామన్న. సారు చెయ్యి పట్టి చూసి, అయిపోయిందిరా అన్నడు. ఇక్కడ చచ్చిండని తెలిస్తే నువ్వూ నేనూ జైలుకు పోతం, గోదాం సీలైతది, నీ ముఠా మొత్తం రోడ్డు మీద పడుతది. ఎట్లనూ పోయినోడు పోయిండు, గోదాంల దొరికితే ఎవలకూ ఏం కాదు అన్నడు. మాస్కు సారుకు పెట్టుకోరాదు. ఇద్దరికే నేర్పిన్రు, నాకూ బావకూ. నేను పెట్టుకుని బావను భుజాన ఏసుకున్న. టేపు చింపి తలుపు తీసింది సారు. సీసా కూడ సారే ఇచ్చిండు, పక్కన పెట్టమని.”

“అబద్ధం.” అన్నాడు సారంగపాణి. ఇప్పుడతని మాట మెత్తగా లేదు. “అంతా వీడే చేసిండు. వీని మాటకు సాక్ష్యమేది?”

“ముందు మీరు కూసోండ్రి.” అన్నాడు రాజమౌళి. అతని చెయ్యి మేనేజర్ భుజం మీద పడింది. ఆ చేతి బరువుకే సారంగపాణి వాచ్‌మన్ మంచం మీద కూలబడ్డాడు. రాజమౌళి శోభారాణి వైపు చూడకుండానే అన్నాడు. “ఫైలు మూస్తలేను మేడమ్. సాక్ష్యాలు మాయం చేసుడు, నిర్లక్ష్యంతోటి ప్రాణం తీసుడు. ఇద్దరినీ తీసుకపోతాన.”

శోభారాణి ఫోను మోగింది. పెద్ద దవాఖానలో శవపరీక్ష చేసిన డాక్టరు. రిపోర్టు రాగానే చెప్పమని పొద్దున ఆమే అడిగింది. ఆమె కొంచెం పక్కకు పోయి విన్నది. ఒకే ప్రశ్న రెండుసార్లు వేసింది. రెండోసారి కూడా అదే జవాబు వచ్చింది. ఫోను జేబులో పెట్టుకుని నేరుగా రాజమౌళి దగ్గరికి వచ్చింది.

“నిర్లక్ష్యం కాదు ఇన్‌స్పెక్టర్.”

“మరి?”

“యాదగిరి రక్తంల మందు చుక్క లేదు. ఇంకొకటి ఉంది. ఆయన ఊపిరి గొట్టంల నురగ ఉన్నది. ఆ నురగల మక్కపొడి కలిసి ఉన్నది. లోపలి దాకా.” ఆమె ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. “మక్కల గోదాం మూసి అప్పటికి అయిదు దినాలు. ఆ వారమంతా వీళ్లు మోసింది మిర్చి. హమాలీల రూముల మక్కపొడి లేదు. ఆ పొడి ఆయన గోదాం లోపలనే పీల్చిండు. పీల్చాలంటే ఊపిరి ఉండాలె.”

రాజమౌళికి ముందు అర్థమైంది. చేయి మేనేజర్ భుజం మీద నుంచి కాలరు మీదికి పోయింది.

“నేను డాక్టర్ను కాను కదా.” అన్నాడు సారంగపాణి. “చెయ్యి పట్టి చూసిన, నాడి దొరకలే. దొరకలేదని చెప్పిన. అంతే.”

విన్నమాట కొమురెల్లి లోపలికి ఇంకా చేరినట్టు లేదు. భారతి నడిచి వచ్చి అన్న ఎదురుగా నిలబడింది. ఏడవడం లేదు. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది, ఇంట్లో ఏదో వస్తువు ఎక్కడ పెట్టావని అడిగినంత మామూలుగా.

“అన్నా, నువ్వు ఎత్తుకున్నప్పుడు ఒళ్లు ఎచ్చగున్నదా?”

కొమురెల్లి తల పక్కకు తిప్పుకున్నాడు.

“నన్ను చూడు. ఎచ్చగున్నదా?”

“ఎచ్చగనే ఉండె చెల్లె.” అన్నాడు. “తలుపు కాడికి పోయినంక నా చెవుల మూల్గినట్టయింది. నేను ఆగిన. సారుకు చెప్పిన. పీనుగును కదిలిస్తే లోపలి గాలి బయటికి వచ్చి గట్ల సప్పుడైతదన్నడు.”

“నువ్వు నమ్మినవా?”

అతను కుడి భుజాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

“తలుపు ఏసింది నేనే.” అన్నాడు.